చల్లటి డబ్బా

నాకు నోటిదురుసు. ఇరవై ఏళ్లుగా ల్యాబులో మలపరీక్షలు చేసే మనిషికి నాజూకు మాటలు ఎక్కణ్ణుంచి వస్తాయి? కానీ మైక్రోస్కోపు మీద కన్ను పెట్టానంటే నా అంత మెత్తటి మనిషి ఉండదు. ఉప్పునీటి చుక్కలో వెలుగు పసుపుగా పరుచుకుంటుంది. అందులో ఏవేవో తేలుతూ పోతుంటాయి, వాటితోపాటు నేనూ పోతుంటాను. పక్కన ఫోను మోగినా వినబడదు.

మా తమ్ముడి కూతురికి ఆరేళ్లు. నాలుగు నెలలుగా విరేచనాలు, పిల్ల చిక్కి సగమైపోయింది. మా మరదలు మూడుసార్లు డబ్బా తెచ్చి కౌంటర్లో ఇచ్చి వెళ్లింది. మూడుసార్లూ చూసింది నేనే, ఏమీ లేదని రాసిందీ నేనే. అక్కడితో ఊరుకున్నానా? "పిల్లకి రోగమేం లేదురా, నీ పెళ్లానికి పెట్టడం చేతకాదు" అన్నాను తమ్ముడితో. వాడికి నా మాటంటే గురి. ఆదివారం నుంచి పిల్ల నా దగ్గరే ఉండేట్టు తేల్చేశాడు.

నేను ఒంటిదాన్ని. పిల్ల కోసం చిన్న తలగడ కొని, ఆ సంగతి ఫోనులో తనకీ చెప్పాను. దాని గలేబు కుడుతూ ఎంత మురిసిపోయానో తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

శుక్రవారం పొద్దున మరదలు పిల్లని వెంటబెట్టుకుని నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చింది. "ఆఖరిసారి చూడండి వదినా" అంటూ డబ్బా నా చేతిలో పెట్టింది. చెయ్యి జిల్లుమంది.

"ఇదేంటి, ఇంత చల్లగా ఉంది?"

"మీరే కదా ఫ్రిజ్‌లో పెట్టి తెమ్మన్నారు. ప్రతిసారీ రాత్రంతా అందులోనే ఉంచుతున్నా."

ఫ్రిజ్ మాట మూత్రం తెచ్చేవాళ్లకి చెప్పేది. రోజూ పదిమందికి చెప్పే అలవాటులో మరదలికీ అదే వాగాను. పల్చటి విరేచనంలో బతికే ప్రాణులు వెచ్చదనం పోతే చచ్చి కరిగిపోతాయి. ఇంతకుముందు మూడు డబ్బాలూ కౌంటర్ నుంచి నా దాకా వచ్చేసరికి చల్లదనం పోయేది, అందుకే నాకు తెలియలేదు.

అంతలో పిల్ల పొట్ట పట్టుకుంది. అక్కడి బాత్రూముకే తీసుకెళ్లాం. రెండు నిమిషాల్లో వెచ్చటి చుక్క స్లైడు మీద ఉంది.

మొదట అంతా మసక. తర్వాత ఆకు రాలుతున్నట్టు ఊగుతూ ఒకటి దిగింది. ఒంట్లో ఉన్నది ఒకే ఒక్క కణం, దాంట్లో కళ్లలాంటివి రెండు చుక్కలు. తిరగబడి నా వంకే చూసింది. దాని వెనక ఇంకోటి, ఆ వెనక గుంపంతా. జియార్డియా. పిల్ల పేగుకి కరుచుకుని తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్న దొంగలు. అయినా ఎంత అందంగా ఊగుతున్నాయో. ఆ పసుపు వెలుగులో పిల్ల నా ఇంట్లో, ఆ తలగడ మీద, బుగ్గలు నిండి నిద్రపోతున్నట్టే కనబడింది. స్లైడు తుడిచేస్తే ఎవరికీ తెలీదు. ఆదివారం తర్వాత డాక్టరుగారికి చెప్పి మందు నేనే వేయించి, పిల్ల ఒళ్లు చేశాక, అదంతా నా చేతి చలవే అనొచ్చు. ఆ ఆలోచన నాకు వచ్చింది, అబద్ధం ఎందుకు చెప్పాలి?

"మళ్లీ ఏమీ లేదా వదినా?"

తల తిప్పాను. మరదలు పిల్ల జడ విప్పి మళ్లీ అల్లుతోంది. ఆదివారం దాకా ఎన్నిసార్లు అల్లగలదో అన్నిసార్లూ అల్లేట్టు ఉంది.

"ఉన్నాయి. రా, చూడు. ఫ్రిజ్‌లో పెట్టమనడం నా తప్పు. నిన్ను అన్న మాటలూ తప్పే."

తను వంగి చాలాసేపు చూసింది. "పిల్ల తిన్నదంతా ఒంటబట్టనివ్వనివి ఇవేనా?" అంది. తర్వాత కన్ను తియ్యకుండానే, "అయితే నేను పెట్టాను కదా వదినా" అంది. "కడుపునిండానే పెట్టాను కదా."

"పెట్టావమ్మా."

తన కన్నీళ్లతో కటకం తడిసింది. కళ్లు తుడుచుకోనిచ్చి, అక్కడే తమ్ముడికి ఫోన్ చేసి నాదే తప్పని చెప్పాను. పిల్లని ఎక్కడికీ పంపొద్దన్నాను.

పిల్ల అంతా వింటూనే ఉంది. ఫోన్ పెట్టేయగానే నా కోటు లాగి, "మరి నా తలగడో అత్తా?" అంది.

"ఆదివారం మీ ఇంటికే తెస్తానమ్మా" అన్నాను.