సోర్ హువానా అడుగున ఎవరి పేరు

అబుందియో జీవితమంతా కర్రతో చిరుతపులి బొమ్మలు చెక్కినవాడు. ఆయన చేతిలో పడితే కిత్తనార దేవత మాయావెల్‌కైనా పులి దవడ వచ్చి తీరుతుంది. ఈసారి ఊరి బొమ్మల ప్రదర్శనలో దేవతలనూ, దేశచరిత్రలో పేరుపడ్డ ఆడవాళ్లనూ తప్ప మరేదీ పెట్టకూడదన్నారు. పాపం, ఆయనకు చిక్కొచ్చి పడింది.

"ఇదేంటయ్యా, కరిచేలా ఉంది," అంది భార్య నికనోరా, ఆయన చెక్కిన మాయావెల్‌ను చూసి రంగు కుంచె పక్కన పెట్టి.

"దేవత కదా, ఆమాత్రం కోపం ఉంటుంది."

"కోపం కాదు, ఆకలి."

ఆ ఊళ్లో మగవాళ్లు కర్ర చెక్కుతారు, ఆడవాళ్లు రంగులేస్తారు, బొమ్మ అడుగున మగవాడి పేరు పడుతుంది. ఈ పద్ధతి ఎవరు పెట్టారని ఎవరూ అడగలేదు. నికనోరా కూడా అడగలేదు. బొమ్మలు చెక్కే కోపాల్ చెట్టు పచ్చి దుంగ ఒకటి తెచ్చుకుని, మచ్చుకత్తి పట్టి పెరట్లో కూర్చుంది. సోర్ హువానాను చెక్కుతానంది. చదువు కోసం మగవేషం వేసుకుంటానని చిన్నప్పుడే తల్లితో పోరి, పెద్దయ్యాక మఠంలో చేరి కవిత్వం రాసిన మొండిమనిషి. ఆ మొండితనమే నికనోరాకు ఇష్టం.

అత్త తిబుర్సియా మొక్కజొన్నలు ఒలుస్తూ ఓరకంట చూసింది. "వేళ్లు తెగ్గోసుకుంటే రంగులెవరేస్తారే?"

"నువ్వున్నావుగా అత్తా."

"నా కళ్లు ఏనాడో పోయాయి. అయినా ఆ ముక్కు కాస్త తగ్గించు. అచ్చం మీ నాన్న ముక్కు దించావు."

కళ్లు పోయినావిడకు ముక్కు మాత్రం కనబడింది.

బొమ్మ ఎండింది, రంగులు పడ్డాయి. ఆ ముఖంలో పులి లేదు, ఇంకో ప్రశ్న అడగబోతున్న ఆడపిల్ల ఉంది. నికనోరాకు ఎంత గర్వమంటే, ఆ పూట తోర్తియా రొట్టెలన్నీ మాడ్చేసింది. ఒక్కసారి, ఒక్క బొమ్మ అడుగున తన పేరు చూసుకోవాలి. సన్నకుంచె కడుక్కుని వచ్చేసరికి అబుందియో బొమ్మను బోర్లించి, తన పేరు ముచ్చటగా రాసి, ఆరడానికి ఊదుతున్నాడు.

ఆమె కుంచెతో ఆయన చేతిలోని బొమ్మను చూపించింది. "అది నాది."

ఆయన పేరు వంక చూశాడు, పెళ్లాం వంక చూశాడు. "అయ్యో! చెయ్యి దానంతటదే రాసేసింది నికా. పూర్తయినవాటన్నిటికీ రాస్తా కదా."

నిజమే. అందుకే ఆమెకు మరీ ఏడుపొచ్చింది.

"పోనీ, పక్కన చిన్నగా నీదీ రాయి," అన్నాడు.

"చిన్నగానా!"

ఆ మాట నికనోరాది కాదు, అత్తది. గబగబా వచ్చి కొడుకు చేతిలోంచి బొమ్మ లాక్కుని ఉప్పుకాగితంతో బరబరా రుద్దింది. అప్పటికి ఆరిన అబుందియో పేరు పొడిపొడిగా రాలిపోయింది.

"రాసుకో. పెద్దగా రాసుకో."

నికనోరా రాసింది. ముసలామె అక్షరాలు ఆరేదాకా అక్కడే నిలబడి, లోపలికెళ్లి ఒక పాత జింకబొమ్మ పట్టుకొచ్చింది. చెక్కింది ఆవిడ భర్త, పోయిన మామగారు. ఒంటినిండా మెరిసే చుక్కలు మాత్రం ఆవిడ వేసినవే. అడుగున ఆయన పేరొక్కటే ఉంది.

"ఆయన పేరు చెరపకే, మంచివాడే," అంది కోడలి ముందు బొమ్మ బోర్లించి. "పక్కన నాది రాయి. అంతే పెద్దగా."