ఆయాసం లేని పిల్ల

నందికొట్కూరు బజారులో ఉదయశ్రీకి ఆయాసం లేదని నమ్మేవాళ్లు ఇద్దరే మిగిలారు. ఒకరు ఉదయశ్రీ, రెండోవారు కాలేజీలో ఆమెకు కబడ్డీ నేర్పే ప్రమీలారాణి మేడం. మిగతా బజారంతా ఆ పిల్ల కనబడితే చాలు, గొంతు తగ్గించి, మొహం జాలిగా పెట్టి, "ఎట్లుండాది పాపా ఇప్పుడు?" అని అడగడం మొదలుపెట్టింది. వాళ్ల నాన్న నాగసుబ్బయ్య కిరాణా కొట్టులో పప్పు కట్టించుకుంటూ అడిగేవాళ్లు కొందరు, నడిరోడ్డు మీద ఆటో ఆపించి అడిగేవాళ్లు కొందరు. బాగున్నానంటే నమ్మరు. విసుక్కుంటే మందు చెప్తారు. బజారు ఒకసారి జాలిపడటం మొదలుపెట్టిందంటే దాన్ని ఆపడం ఎవరి తరం?

అసలు సంగతి వేరే. పోయిన ఏడాది కడపలో జరిగిన పోటీల్లో ఆఖరి కూతకు ఉదయశ్రీ వెళ్లింది. అవతలి పిల్లలు గొలుసు కట్టి నడుము పట్టేశారు. కింద పడింది, ఆమె మీద వాళ్లు పడ్డారు. అయినా పాక్కుంటూ చెయ్యి చాపింది. నడిమి గీత వేళ్లకు అందబోతుండగా దమ్ము చాలక కూత ఆగిపోయింది. కూత ఆగితే ఔటే, జట్టూ ఓడింది. కాళ్లలో బలముంది, చేతుల్లో బలముంది, గుండెల మీద బరువు పడితే మాత్రం గాలి నిలవలేదు. ఆ ఓటమి అప్పటి నుంచీ ఆమెను తొలుస్తూనే ఉంది.

దానికోసమే మేడం ఒక పరికరం తెప్పించింది. అరచేతిలో ఇమిడే ప్లాస్టిక్ గొట్టం. ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లాగాలి. లోపలున్న స్ప్రింగు మూత గాలిని అంత తేలిగ్గా రానివ్వదు. కింది మర తిప్పేకొద్దీ ఇంకా బిగుసుకుంటుంది.

"బస్కీలు తీస్తే తొడలు గట్టిపడతాయి కదా, ఇదీ అంతే," అంది మేడం. "పక్కటెముకల కింద ఊపిరి లాగే కండ ఒకటి ఉండాది. దానికి ఎవరూ కసరత్తు చేయించరు. మీద మనుషులు పడినప్పుడు మనల్ని కాపాడేది అదే. మానకుండా చెయ్."

ఉదయశ్రీ మానలేదు. పొద్దున కొట్టు తెరవకముందు, సాయంత్రం ఆటకు పోకముందు అరుగు మీద కూర్చుని, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా గాలి లాగేది. చేసిన తప్పల్లా అరుగు మీద కూర్చోవడమే. అది బజారుకు ఎదురుగా ఉంది. ముక్కుకు క్లిప్పు, నోట్లో గొట్టం, ఎగిరెగిరి పడే భుజాలు చూసినవాళ్లు ఇంకేమనుకుంటారు?

అప్పటికీ అది ఉత్త అనుమానమే. దాన్ని నిజం చేసి ఊరంతా పంచిపెట్టింది మాత్రం కన్నతల్లి కన్యకమ్మ. కూతురు కడప నుంచి ఏడ్చుకుంటూ వచ్చినప్పుడు ఆమె వాసవమ్మకు మొక్కుకుంది. పిల్లకు దమ్ము నిలబడితే నిలువెత్తు బెల్లం తూచి పంచుతానంది. కూత మునుపటికంటే బాగా నిలుస్తోందని మేడం చెప్పగానే ఇక ఆగలేదు. నాగసుబ్బయ్య కొట్టులోని పెద్ద తక్కెడ గుడికి చేరింది. ఒక వైపు ఉదయశ్రీని కూర్చోబెట్టి, ఇంకో వైపు బెల్లం దిమ్మెలు పేర్చారు.

ఆ బెల్లం పంచుతూ కన్యకమ్మ, "మా పాపకు ఊపిరి నిలబడక శానా అవస్థ పడినాం. అమ్మ దయతో ఇప్పుడు కుదురుకుండాది," అని గడప గడపకూ చెప్పుకొచ్చింది. కబడ్డీ మాట ఒక్క గడపలోనూ ఎత్తలేదు. పెళ్లి కావాల్సిన పిల్ల మట్టిలో కిందామీదా పడి ఆడుతుందని దేవుడి బెల్లం చేతిలో పెట్టి చెప్పడం ఆమెకు నామోషీ.

ఉదయశ్రీకి ఒళ్లు మండిపోయింది.

"నాకు ఆయాసమని ఊరంతా చెప్పినావంట!"

"ఆయాసమని నేను యాడ అన్యా? ఊపిరి నిలబడిందని చెప్పినా. మంచి మాటే కదే!"

"ఆటకోసమని ఒక్క మాట చెప్పింటే నీ సొమ్మేం పోయేదమ్మా?"

కన్యకమ్మ బెల్లం గంప ఎత్తుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. నాగసుబ్బయ్య తక్కెడ తుడుచుకుంటూ, "పోనీలే పాపా, కొన్నాళ్లకు వాళ్లే మర్చిపోతారు," అన్నాడు.

మర్చిపోలేదు. జిల్లా జట్టు మేనేజరు శివన్న అత్తగారిల్లు ఆ బజారులోనే ఉంది. బెల్లంతో పాటు కబురూ ఆ ఇంటికి అందింది. కర్నూలులో జట్టు ఎంపిక జరిగే రోజు ఉదయశ్రీ మైదానంలో అడుగుపెట్టగానే శివన్న పక్కకు పిలిచాడు. చెడ్డవాడైతే నాలుగు మాటలు అనేసి ఊరుకునేది. ఆయన మంచివాడు, అదే వచ్చిన చిక్కు.

"మా అత్త అంతా చెప్పింది తల్లీ. నీకేమన్నా అయితే మీ నాయనకు నేనేం జవాబు చెప్పాల? కూతకు వద్దు. ఆ మూలన నిలబడి వచ్చినోళ్లను పట్టుకో, చాలు."

"నాకు ఆయాసం లేదు సార్."

"మా పెద్దపాపకూ ఆయాసమే, అది కూడా ఇట్లే అంటాది," అన్నాడాయన తల నిమురుతూ.

మేడం సంచిలోంచి గొట్టం తీసి చూపించింది. "ఇది మందు కాదు శివన్నా, కసరత్తుది." ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మా పాపదీ అచ్చం ఇట్లే ఉంటాది," అన్నాడు. మేడం తల పట్టుకుంది. బతిమాలి, వాదించి, చివరికి పెద్దగా అరిస్తే, "సరే, ఒకే ఒక్క కూత. మళ్లా నన్ను అడగొద్దు," అన్నాడు.

జట్టులో చోటంతా ఆ ఒక్క కూత మీదే ఆధారపడింది. ఉదయశ్రీ గుండెల నిండా గాలి లాగి గీత దాటింది. మూలనున్న పిల్లను తాకి తిరగబోతే చీలమండ దొరికిపోయింది. తర్వాత నడుము. పడింది, మీద నలుగురు పడ్డారు. కడపలో పడిన బరువే ఇది. అయితే ఈసారి ఆ బరువు కింద పక్కటెముకలు అణగలేదు, గాలి ఆమె చెప్పినట్టు విన్నది. ఉదయశ్రీ కూత పెడుతూనే మోచేతుల మీద గీత వైపు ఈడ్చుకుపోతోంది.

ఆట నడిపిస్తున్న శివన్నకు ఆమె ఎర్రబడిన మొహం, మెడ మీద ఉబ్బిన నరాలు కనబడ్డాయి. విజిల్ ఊదేశాడు.

"లెయ్యండి! లెయ్యండి! పాపకు ఆయాసం ఎత్తుకునింది!"

పిల్లలు హడలిపోయి లేచారు. ఆయన నీళ్లసీసా పట్టుకుని పరుగెత్తుకొచ్చి భుజం పట్టుకున్నాడు. "కూర్చో తల్లీ. మాట్లాడు, ఏమన్నా మాట్లాడు!"

ఎట్లా మాట్లాడుతుంది? ఒక్క మాట అంటే కూత తెగుతుంది. కూత తెగితే చూశారా నేను చెప్పలేదా అంటాడు. నోటిదాకా వచ్చిన తిట్లన్నీ మింగుకుని ఉదయశ్రీ ఆయన చెయ్యి విదిలించి లేచింది. కబడ్డి కబడ్డి అంటూ గీత వైపు నడిచింది. పక్కనే సీసాతో శివన్న నడిచాడు. గీత దాటింది. దాటినా ఆపలేదు. వెనక్కి తిరిగి, ఆయన మొహంలో మొహం పెట్టి, ఆయన సీసా కిందికి దించేదాకా అదే మాట అన్నది. అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

"పాయింటు ఇయ్యండి సార్."

శివన్న మేడం వైపు చూశాడు, తన చేతిలోని విజిల్ వైపు చూశాడు. "విజిల్ పడినాక పాయింటు యాడిదమ్మా," అన్నాడు మెల్లగా. గొంతులో జాలి పోయి ఇబ్బంది మిగిలింది.

గెలిచినదాన్నే మళ్లీ గెలవాలి. ఉదయశ్రీకి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడవడానికీ వీల్లేదు, వెక్కిళ్లు పెడితే మళ్లీ ఆయాసమే అంటారు.

"అయితే మళ్లా పోతాండా. వాళ్లను మళ్లా పట్టుకోమనండి," అంది. "ఆ విజిల్ మాత్రం మేడంకియ్యండి."