రెండవ నాడి

హేమంతప్రభాతంబునఁ గృష్ణాసైకతంబులు తుహినకణంబులచేఁ దెల్లనై రెల్లుదుబ్బులు శీతమారుతంబునకుఁ దలలు వాంచి దినకరుండును మంచుతెర వెడల జంకుచున్నట్లుండ, దుర్గాధిపతి యగు నూకయ దండనాథుండు చలిగాలి సోఁకునని వెఱచి తలుపులు బిగించుకొని శయ్యపైఁ బొరలుచుండెను. మెఱుపువంటి వేదన కుడిచెక్కిలిని జీల్చుచుండ నాతనికి మెతుకు నమలుటయు దుర్లభంబయ్యెను.

చికిత్సింప వచ్చిన శస్త్రవైద్యుం డౌబళార్యుండు. ఈతండు యౌవనంబున భైరవార్యుండను గురువునొద్ద, ఏటినీట నానిన యనాథశవంబులను వెదురుకుంచెలతోఁ బొరపొరగా విప్పి తెల్లని దారంబులవలె వ్యాపించిన నాడులను బరిశీలించుచుండ, నూకయ శవద్రోహంబను నెపంబున నా వృద్ధుని గొఱత వేయించెను. పాఱిపోయిన శిష్యుండు సేనాశిబిరంబులందు క్షతగాత్రులకుఁ జికిత్స సేయుచు, నొప్పి నెఱిఁగించు నాడి వేఱనియు నంగంబుఁ గదలించు నాడి వేఱనియుఁ గనుఁగొని ప్రఖ్యాతుండయ్యెను. ఆ కీర్తి యాతని యెదలోని చిచ్చు నార్పదయ్యెను.

"నొప్పి పోవునా?" యని దండనాథుండు మూలిగెను.

"పోవును. మరల రాదు" అని పలికి యౌబళార్యుండు రోగిని మద్యంబున మైమఱపించి చెక్కిలిని జెవిదాఁకఁ జీల్చి వేదనకు మూలంబైన నాడిని దెగఁగోసెను. పిమ్మట శస్త్రంబును జెవిచెంత నున్న వేఱొక నాడిపై నుంచెను. దీపంబు పట్టి నిలిచిన వైద్యుని భార్య కామసాని యది చూచి, "అది నొప్పినాడి గాదు. మీ రెఱుఁగరా?" యనెను.

"ఎఱుఁగుదును."

ఆతండు దానిని సైతము ఖండించెను. ఆమె దీపంబు నేల నుంచి వెడలిపోయెను. నాఁటినుండి యాతని శస్త్రచికిత్సల కెన్నఁడును దోడు నిలువదయ్యెను.

గాయంబు మానెను. ముఖార్ధంబు మైనపుబొమ్మవలె నిశ్చలంబై, పెదవి జాఱి, నిద్రయందును గుడికన్ను మూఁతపడకున్న శత్రువు నెదుట నిలిచి, యౌబళార్యుండు బహువత్సరంబులు గుండెలో దాఁచుకొనిన మాటను వెలువరించెను.

"మీరు గొఱత వేయించిన భైరవార్యుని శిష్యుండను. మీ మోము నిట్లు గావించినది తెలిసి చేసిన పని."

దండనాథుండు సగము నొసలు ముడిచెను. వంకరపోయిన నోట మాట తడఁబడుచు వెడలెను.

"భైరవార్యుఁడా? ఎవఁ డాతండు? ఎందఱనో వేయించితిని, గుర్తులేదు. పోనిమ్ము వైద్యుఁడా, నిన్న కడుపునిండఁ బెరుగన్నము దింటిని."

ఇట్లని పట్టుశాలువ దెప్పించి స్వహస్తంబున నాతని భుజంబులఁ గప్పెను. ఔబళార్యుండు దానిఁ దొలఁగింపను లేక ధరింపను లేక నిలిచియుండ, మూఁతపడని యా కన్ను దుఃఖమెఱుఁగని నీటిని ధారగా విడుచుచు నాతనినే చూచుచుండెను.