ముందుగదిలోంచి వచ్చే లైను

గోరువెచ్చటి నీళ్లలో గుడ్డ ముంచి, పిండి, ఆమె తన వదిన వీపు తుడుస్తోంది. వదినకి నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. పక్కకి తిప్పాలంటే ఇద్దరు కావాలి. అన్నయ్య భుజాలు పట్టుకుంటే ఆమె కాళ్లు పట్టుకుంటుంది. ఇవాళ ఆ పని పెందలాడే కానిచ్చేశారు. కాసేపట్లో ఆమెకి ఇంటర్వ్యూ.

"చాల్లే తల్లీ, గిన్నె తోమినట్టు తోముతున్నావు. వాళ్లు చూసేది నీ మొహం, నా వీపు కాదు," అంది వదిన.

"ఎక్కువ మాట్లాడితే అదీ చూపిస్తాను, ఉండు."

వేరే ఊళ్లో ఆసుపత్రి. రక్తపరీక్షల గదిలో ఉద్యోగం. ఉండటానికి గది వాళ్లే ఇస్తారు. చదువయ్యాక ఇన్నాళ్లకి వచ్చిన మొదటి పిలుపు. మాట్లాడాల్సింది వదిన మంచం పక్కనున్న పాత లాప్‌టాప్‌లో.

ఆ గదికి నెట్ నేరుగా రాదు. బయటి లైను ముందుగదిలో అన్నయ్య కంప్యూటరుకే వస్తుంది. నెట్‌వర్కుల పని తెలిసినవాడు గనక దానికి నెట్ వైరు తగిలించే కార్డు రెండోది బిగించి, అక్కణ్ణుంచి గోడవెంట వైరు లాగాడు. ఒక కార్డులోకి వచ్చినదాన్ని రెండోదాంట్లోకి దాటించమని కంప్యూటరుకి చెప్పాలి. చెప్పడమంటే ఒకచోట సున్నా తీసి ఒకటి పెట్టడమే. కంప్యూటరు ఆపి మళ్లీ పెడితే ఆ ఒకటి కాస్తా సున్నా అయిపోతుంది. చెరిగిపోకుండా రాసిపెట్టమంటే "రేపు చూద్దాంలే" అంటూ రోజూ పొద్దున్నే చేత్తో కొట్టేవాడు. చూసి చూసి ఆమెకీ వచ్చేసింది.

ఇంటర్వ్యూ బాగానే మొదలైంది. జవాబు చెబుతుండగా అవతలి మొహాలు ఉన్నట్టుండి కొయ్యబారాయి. లాప్‌టాప్‌కి వైరు గుచ్చినచోట చిన్న దీపం మాత్రం వెలుగుతూనే ఉంది.

ముందుగదిలోకి పరిగెత్తింది. "అన్నయ్యా, నెట్ పోయింది!"

"కరెంటు పోయొచ్చింది. కంప్యూటరు ఆగి లేచింది," అన్నాడు అతను, కిటికీలోంచి బయటికి చూస్తూ.

తెర మీద అతను పొద్దుట్నుంచి ఆడుతున్న చదరంగం సగంలో అలాగే ఉంది. కంప్యూటరు ఆగి ఉంటే ఆ ఆట ఉండదు. దాని పక్కనే, ఆదేశాలు టైపు చేసే నల్లటి పెట్టెలో, చివరి వరుసలో, చేత్తో కొట్టిన సున్నా.

దాని కింద ఒకటి కొట్టి వెనక్కి పరిగెత్తింది. అవతల ఎవరూ లేరు. ఆసుపత్రికి ఫోను చేసింది.

"తర్వాతి వాళ్లని పిలిచేశామండీ. ఇంక కుదరదు."

ఆమె మళ్లీ ముందుగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"కరెంటు పోలేదు కదన్నయ్యా."

అతను వచ్చి తెర మీది చదరంగాన్ని మూసేశాడు.

"వదిన్ని ఒక్కణ్ణే తిప్పలేనని నోరు తెరిచి చెబితే ఉండిపోయేదాన్నేమో. అడగొచ్చుగా?"

లోపల్నుంచి వదిన గొంతు వినిపించింది. అందులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

"ఏవండీ, నా కోసమేనా ఇదంతా?"

అతను ఆ గది వైపు ఒక అడుగు వేసి ఆగాడు. తర్వాత చెప్పుల్లో కాళ్లు పెట్టి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, వీధిలోకి వెళ్లిపోయాడు.