అరవకు బాబాయ్

నిక్కరు మోకాలి దగ్గర పట్టిన బురదను పెద్దాయన సబ్బుబిళ్లతో రుద్దుతున్నాడు. ఫుట్‌బాల్ మైదానంలో మెట్ల కింది గది ఆయనది. ఆటగాళ్ల బట్టలన్నీ అక్కడే ఉతుకుతాడు. గొప్ప జట్టు బట్టలు మెషిన్లో పడేస్తే చాలు. ఎప్పుడూ అట్టడుగున ఉండే జట్టువి మాత్రం చేత్తో రుద్దాల్సిందే. ఎక్కువసార్లు కిందపడేది వాళ్లే మరి. సబ్బునీళ్లలో నానీ నానీ ఆయన వేళ్ల చివర్లు ముడతలు పడి పాలిపోయాయి.

ఆ ఓడే జట్టు పిల్లలంటే ఆయనకు ప్రాణం. ఆట మొదలవగానే చేతులు తుడుచుకుని మెట్లెక్కి, గొంతు బొంగురుపోయేదాకా వాళ్ల కోసం అరిచేవాడు. గెలిచేవాడి వెనక ఊరంతా ఉంటుంది, ఓడేవాడికి ఒక్క గొంతైనా ఉండొద్దా అని ఆయన వాదన. పుణ్యం కోసమేం కాదు, అందులో ఆయనకో రుచి ఉంది. వాళ్లు ఎప్పుడైనా ఒక్క గోల్ కొట్టారంటే ఇక ఆయన కాళ్లు నేల మీద ఆనేవి కావు.

"ఓడేవాళ్ల పక్షమేగా మీరు? మన గొడవల్లో నా పక్షం ఎప్పుడూ రారేం?" అనేది భార్య.

"నువ్వెప్పుడు ఓడావే?" అనేవాడు.

ఈరోజు ఓడితే ఆ జట్టునే ఎత్తేస్తారు. ఉతికిన బట్టల కోసం వచ్చిన కెప్టెన్ గుమ్మంలోనే నసిగాడు.

"బాబాయ్, కోప్పడకు. ఇవాళ నువ్వు అరవకు. నువ్వు అరిచినప్పుడల్లా ఓడిపోతున్నాం. మావాళ్లందరూ అదే అంటున్నారు."

పెద్దాయనకు ఒళ్లు మండిపోయింది. "నా అరుపుకి ఓడార్రా? పరిగెత్తక ఓడారు గానీ!"

"నిజమే అనుకో. కానీ జట్టు ఉండాలా వద్దా, నువ్వే చెప్పు."

ఇదెక్కడి న్యాయం? మేనేజర్ జీతాలు ఆపితే నోరెత్తరు. రిఫరీ గొప్పవాళ్లకు వత్తాసు పలికితే నోరెత్తరు. నింద మోపడానికి మాత్రం బట్టలుతికేవాడు దొరికాడు. అణగారినవాడికి కూడా తన కింద ఇంకొకడు కావాలి కాబోలు!

అయినా ఆయన మెట్లెక్కలేదు. తలుపేసుకుని, మెషిన్ ఆన్ చేసి, స్టూలు మీద కూర్చున్నాడు. నెత్తి మీద జనం కాళ్ల చప్పుడు. కేక గొంతులోకి వచ్చినప్పుడల్లా చేతికందిన తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఉన్నట్టుండి పైకప్పు అదిరిపోయింది. ఎవరు గెలిచారో తెలియక బిగుసుకుపోయి కూర్చున్నాడు. కాసేపటికి కెప్టెన్ తలుపు తోసుకొచ్చి ఆయన్ని వాటేసుకున్నాడు.

"గెలిచాం బాబాయ్! చూశావా, నువ్వు అరవలేదు, మేం గెలిచాం! ఇకమీదట కూడా ఇలాగే..."

పెద్దాయన మెల్లగా అతని చేతులు విడిపించుకున్నాడు.

"సంతోషంరా. మిమ్మల్ని ఓడించేవాడు ఇంక ఇక్కడ ఉండడులే."

గది తాళం అతని అరచేతిలో పెట్టి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

స్టూలు పక్కన తువ్వాలు ఉండచుట్టుకుని పడి ఉంది. పళ్లు దిగినచోట పోగులు తెగి ఉన్నాయి.