చొక్కా రంగు చెప్పకు

ఆస్పత్రి లాండ్రీలో దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. చెరో అంచూ పట్టుకుని దూరంగా నిలబడాలి, ఒక్కసారి గట్టిగా విదిలించాలి, సగానికి మడిచి ఒకరికొకరు ఎదురు నడవాలి. వేళ్ళకి వేళ్ళు తగలగానే తన అంచు ఎదుటివాళ్ళకిచ్చేసి, కింద వేలాడే మడతని అందుకోవాలి. రోజుకి నాలుగైదు వందల దుప్పట్లు. ఆ పక్కనే ఇస్త్రీ రోలరు ఆవిరి కక్కుతుంటుంది. సాయంత్రమయ్యేసరికి ఆమె భుజాలు ఆమెవి కానట్టుండేవి.

లాండ్రీలో అందరూ ఆమెను అక్కా అనే పిలిచేవారు. నిజంగా ఆ పిలుపుకి హక్కున్నవాడు ఇంట్లో ఒక్కడే, తమ్ముడు.

తమ్ముడికి ముప్ఫై దాటాక చూపు పోయింది. ఒక్కరోజులో పోలేదు. అంచుల నుంచి లోపలికి మసకబారుతూ, పూర్తిగా పోవడానికి రెండేళ్ళు పట్టింది. ఇప్పుడు ఒక కొరియర్ ఆఫీసులో ఫోన్లకి జవాబు చెప్పే పని చేస్తున్నాడు. చూపున్న రోజుల్లో సినిమా అంటే పడిచచ్చేవాడు. ఎవరూ కథ చెప్పకముందే చూసేయాలి, అదీ పంతం. ఎవరైనా "ఆఖర్లో ఏమవుతుందంటే" అని నోరు తెరిస్తే చాలు, రెండు చెవులూ మూసుకుని పెద్దగా పాట అందుకునేవాడు.

చూపు పోయాక ఏడాది పాటు సినిమా ఊసెత్తలేదు. అక్కే బలవంతాన లాక్కెళ్ళింది. ఆఖరి వరసలో గోడవార సీట్లలో కూర్చోబెట్టి, చెవిలో గుసగుసగా తెర మీద జరిగేదంతా చెప్పింది. మొదటిసారి గందరగోళమైపోయింది. ఎవరు ఎవరిని కొట్టారో చెప్పేలోపే కొట్టినవాడు ఏడుస్తున్నాడు. ఆ రోజు తమ్ముడు ఏమీ అనలేదుగానీ, ఆమెకే తల కొట్టేసినట్టయింది.

అప్పట్నుంచి ఒక పద్ధతి పెట్టుకుంది. బుధవారం పని దిగగానే ఒక్కతే వెళ్ళి సినిమా చూసేది. ఏ సీను తర్వాత ఏది వస్తుందో, ఎక్కడ మాటలు ఆగుతాయో గుర్తుపెట్టుకునేది. ఆదివారం మధ్యాహ్నం తమ్ముణ్ణి తీసుకెళ్ళి ఎక్కడా తడబడకుండా చెప్పేది. నాలుగేళ్ళు అలాగే నడిచింది. బుధవారాలు ఇంటికొచ్చేసరికి కాళ్ళు లాగేసేవి, చెప్పులు విప్పడానికి వంగాలన్నా నడుము వంగేది కాదు. అయినా అది తన చేతనైన పని అనే తృప్తి ఉండేది.

ఒక ఆదివారం హంతకుడెవరో ఆఖరిదాకా తెలియని సినిమా ఒకటి చూసి తిరిగొస్తున్నారు. తమ్ముడు ఆమె మోచెయ్యి పట్టుకుని నడుస్తున్నాడు.

"ఎలా ఉంది?" అంది అక్క.

"బావుంది."

"డ్రైవరే చంపాడని నీకెప్పుడు తెలిసింది?"

"వాడు కారు తలుపు తీసినప్పుడు."

అక్క ఆగిపోయింది. "అది మొదటి పది నిమిషాల్లోనే కదరా!"

"నువ్వే చెప్పావుగా. 'ముదురు ఆకుపచ్చ చొక్కా వేసుకున్న డ్రైవరు తలుపు తీశాడు' అన్నావు. వంటమనిషి చొక్కా రంగు చెప్పలేదు, తోటమాలి చొక్కా రంగు చెప్పలేదు. డ్రైవరుది మాత్రం ఎందుకు చెప్తావు? వాడితో పనుంది కాబట్టి."

అక్క మళ్ళీ నడక అందుకుంది.

"అదొక్కటే కాదక్కా. ఎవరైనా చచ్చిపోబోతుంటే నీ గొంతు ముందే మెత్తబడిపోతుంది. పావుగంట ముందే వాళ్ళని తల్చుకుని నేను ఏడ్చేసి రెడీగా కూర్చుంటా."

"మరి ఇన్నాళ్ళూ 'అబ్బా, భలే' అనేవాడివి?"

"నువ్వంత కష్టపడి చెప్తుంటే ఏమనమంటావు?"

ఆమెకి కోపం ముంచుకొచ్చింది. "నాలుగేళ్ళుగా ప్రతి సినిమా రెండేసిసార్లు చూస్తున్నా. పనయ్యాక పడుకోకుండా పరిగెడుతున్నా. ఎవరికోసం?"

"నాకోసమే. కాదన్నానా?" అన్నాడు తమ్ముడు నెమ్మదిగా. "చూపు పోయింది, సరే. ఏం జరుగుతుందో తెలియకపోవడం అనేది ఒకటి మిగిలిందనుకున్నా. అది కూడా నువ్వు ముందే వెళ్ళి చూసొస్తే నాకేం మిగులుతుంది?"

ఇంటికి చేరారు. అన్నం పెట్టేటప్పుడు అక్క గిన్నెల చప్పుడు కాస్త గట్టిగానే చేసింది. రాత్రి పక్క మీద వాలాక మాత్రం, తమ్ముడు చెప్పినదాంట్లో అబద్ధమేమీ లేదని ఒప్పుకుంది. అసలు తనకి మాత్రం సినిమా చూసి ఆశ్చర్యపోయి ఎన్నాళ్ళయింది? బుధవారం లెక్కలు చూసుకున్నట్టు చూస్తుంది, ఆదివారం పాఠం అప్పజెప్పినట్టు చెప్తుంది.

పొద్దున్న టీ గ్లాసు చేతికిస్తూ, "వచ్చే సినిమా చూడకుండానే వస్తాలే. తప్పులు చెప్తే నన్ననకు" అంది.

"ఎన్నైనా చెప్పు" అన్నాడు తమ్ముడు. అతని మొహం విచ్చుకోవడం చూసి ఆమెకి మళ్ళీ కాస్త కోపం వచ్చింది.

చూడకుండా ఉండటం తేలికే, వినకుండా ఉండటమే కష్టమని లాండ్రీకి వెళ్ళాక తెలిసింది. ఆ వారం వచ్చిన సినిమా గురించి ఊరంతా ఒకటే గోల. తప్పిపోయిన ఒక ఆడపిల్ల కథ అది. పైగా అక్కతో దుప్పట్లు మడిచే అమ్మాయిని అందరూ రేడియో అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. విదిలించేటప్పుడు కాస్త నయం, దూరంగా ఉంటుంది. మడత పెడుతూ ఎదురు నడిచొచ్చిన ప్రతిసారీ ముక్కుకి ముక్కు తగిలేంత దగ్గరవుతుంది, ఒక ముక్క వదుల్తుంది.

"అక్కా, నిన్న చూశా. ఆ అమ్మాయి ఉంది చూడూ..."

"వద్దు తల్లీ."

మళ్ళీ విదిలింపు, మళ్ళీ ఎదురు నడక.

"కథ చెప్పన్లే. ఒక్క ముక్క. ఆ స్టేషన్ మాస్టరు..."

"నీకు దణ్ణం పెడతా. ఆదివారం దాకా ఆ ఊసెత్తకు. తమ్ముడితో వెళ్తున్నా."

రేడియో మొహం చిన్నబుచ్చుకుంది. "మరి మనం ఏం మాట్లాడుకోవాలి?" అంది. నిజమే, ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తోచలేదు. ఆ రోజు మిగిలిన దుప్పట్లన్నీ మౌనంగా మడిచారు. మాటల్లేకపోతే ఆ పని ఎంత పొడుగో అక్కకి అప్పుడే తెలిసింది. మర్నాటి నుంచి రేడియో తన అత్తగారి మోకాళ్ళ నొప్పుల గురించి చెప్పడం మొదలుపెట్టింది. సినిమా మాట నాలుక చివరిదాకా వచ్చినప్పుడల్లా పెదాలు బిగించి, కళ్ళు పెద్దవి చేసేది. ఆ కళ్ళు చూసి కూడా ఏదో తెలిసిపోతుందేమోనని అక్క తల దించుకుని దుప్పటి అంచులే చూసేది. బస్సులో ఇద్దరు కాలేజీ పిల్లలు ఆ సినిమా గురించే వాదించుకుంటుంటే రెండు స్టాపుల ముందే దిగి, నొప్పెడుతున్న కాళ్ళతో ఇంటికి నడిచింది. ఇంత అవస్థ పడుతున్నందుకు తనని తనే తిట్టుకుంది కూడా.

ఆదివారం ఉదయం సెలవులో ఉన్న మనిషి బదులు ఆమెని పనికి రమ్మన్నారు. మధ్యాహ్నం అక్కణ్ణుంచే తిన్నగా హాలుకి వచ్చింది. ఒంటికి ఇంకా ఆవిరి వాసన. తమ్ముడు అప్పటికే ఆటోలో వచ్చి మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

సినిమా మొదలైంది. ఒక చిన్న స్టేషను, దాని మాస్టరు, ఆయన భార్య. పదేళ్ళ కిందట వాళ్ళ కూతురు తప్పిపోయింది. ఒకరోజు రైలు దిగిన యువతి ఒకామె, "నేనే మీ అమ్మాయిని" అంటూ వచ్చింది.

"చెప్పులు కొత్తవి" అని గుసగుసగా చెప్పింది అక్క. "చేతిలో గుడ్డ సంచి. ఇంటిని ఎగాదిగా చూస్తోంది. నాకు దీని వాలకం నచ్చలేదురా."

తమ్ముడు నవ్వాడు. "నువ్వు చూసింది చెప్పు. నచ్చిందా లేదా అని ఎవరడిగారు?"

"చూస్తుంటే అలాగే అనిపిస్తోంది మరి. దొంగపిల్లే. వీళ్ళ ఇల్లు రాయించుకోవడానికి వచ్చింది."

ఏది చెప్పాలో ఏది వదిలేయాలో ఆమెకి తెలియలేదు. కనబడిందల్లా చెప్పింది. గోడ మీద గడియారం, మాస్టరు భార్య కొంగుకి అంటిన బొగ్గు, కిటికీలో పిల్లి. ఆ పిల్లి మళ్ళీ ఎక్కడా రాలేదు. తమ్ముడు మాత్రం చాలాసేపు పిల్లి కోసం ఎదురుచూశాడు. ఇంటర్వెల్లో ఇద్దరూ పందెం వేసుకున్నారు. దొంగపిల్ల అని అక్క, కాదు కూతురేనని తమ్ముడు.

రెండో సగంలో ఆమెకి కళ్ళు మూతలు పడసాగాయి. చల్లగాలి, చీకటి, పొద్దున్నుంచి నిలబడ్డ ఒళ్ళు. "ఆయన జెండా ఊపుతున్నాడు..." అన్నదాకా గుర్తుంది. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి తల తమ్ముడి భుజం మీద ఉంది. తెర మీద వాన కురుస్తోంది.

"అయ్యో! ఎంతసేపయింది?"

"పది నిమిషాలుంటుందేమో."

"లేపొచ్చు కదరా!"

"గురక పెట్టలేదు కదా అని ఊరుకున్నా" అన్నాడు తమ్ముడు. "ఇటు వంగు, నేను చెప్తా. ఎవరో పెట్టె తెరిచారు, ఇనప్పెట్టె, కీచుమంది. ఆడమనిషే, గాజులు వినబడ్డాయి. తర్వాత గుడ్డ చింపిన చప్పుడు. తర్వాత అమ్మ ఏడ్చింది, కానీ నోరు మూసుకుని. పక్క గదిలోకి వినబడకూడదన్నట్టు."

"పెట్టె తెరిచింది ఆ పిల్లే అయ్యుంటుంది."

"అదే నాకూ తెలీదు. చూపున్నదానివి నువ్వు నిద్రపోయావాయె" అన్నాడు. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ముందు వరసలో పెద్దాయన వెనక్కి తిరిగి చూశాడు.

ఆఖరి సీనులో మాటలు లేవు. ఆ యువతి రైలెక్కడానికి సిద్ధమై స్టేషను గదిలోకి వచ్చింది. మాస్టరు కుర్చీలోంచి లేచి, సొరుగు అడుగున మడిచి పెట్టిన పాత కాగితం తీసి, ఆమె చేతిలో పెట్టాడు. కాగితం తెరంతా నిండింది. అక్క చదివింది.

హాలంతా ఒక్కసారిగా ఊపిరి బిగబట్టింది. తమ్ముడు అది విన్నాడు. ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"అక్కా, ఏమైంది?"

ఆమె ఇంకా ఆ అక్షరాల వెంటే కళ్ళు పరిగెత్తిస్తోంది.

"అక్కా!"

"కాగితం..." అంది ఎలాగో. "పోలీసు కాగితం. పదేళ్ళ కిందటిది. వాళ్ళ అమ్మాయి శవం దొరికిందని... కింద సంతకం ఉందిరా. ఆయనదే. ఆయనే గుర్తుపట్టాడు."

"అంటే ఆయనకి..."

"తెలుసు. మొదట్నుంచీ తెలుసు. ఆవిడ తట్టుకోలేదని చెప్పలేదు. ఇదొచ్చి కూతుర్నంటే, ఆవిడ కోసం ఔనన్నాడు." అంతలో కెమెరా పక్కకి తిరిగింది. "ఆగు, ఆగు. తలుపు దగ్గర అమ్మ ఉంది. అంతా చూస్తోంది. ఒరే... ఆవిడ ఆశ్చర్యపోలేదురా. అసలు ఆశ్చర్యపోలేదు."

"ఆవిడక్కూడా తెలుసా?" తమ్ముడు పైకే అనేశాడు. నాలుగు వరసలకి వినబడింది. ఈసారి ఎవరూ వెనక్కి తిరగలేదు.

లైట్లు వెలిగాక కూడా వాళ్ళు కాసేపు లేవలేదు. హాలు ఊడ్చే మనిషి చీపురుతో వచ్చి పక్కన నిలబడ్డాడు.

"నన్ను భలే తప్పుదారి పట్టించావక్కా" అన్నాడు తమ్ముడు. మొహం తడిగా ఉంది. "పందెం నీదే. కానీ దొంగపిల్ల, దొంగపిల్ల అని ఆఖరిదాకా ఊదరగొడితే, ఆ అమ్మానాన్నల మీదకి నా ధ్యాసే పోలేదు."

"నేనే బోల్తా పడ్డాను, ఇక నిన్నేం చేస్తాను!"

"అదేగా నాక్కావల్సింది."

తిరిగొచ్చేటప్పుడు బస్సులో సీటు దొరకలేదు. కడ్డీ పట్టుకుని వేలాడుతూ ఆమె మళ్ళీ ఓసారి కునికింది. ఇంకా పొద్దు గుంకకముందే ఇల్లు చేరారు. "వచ్చే ఆదివారం సినిమా వద్దులే, పడుకో" అన్నాడు తమ్ముడు. "చూద్దాం" అంది అక్క. బుధవారం మాత్రం ఇక వెళ్ళేది లేదని అప్పుడే అనేసుకుంది.

చీర కూడా మార్చుకోకుండా పక్క మీద వాలింది. అరికాళ్ళు భగ్గుమంటున్నాయి. పడుకోగానే నిద్ర పట్టాల్సింది, పట్టలేదు. కళ్ళు మూస్తే తలుపు దగ్గర నిలబడ్డ ఆ తల్లే కనబడుతోంది. పక్క గదిలోంచి మంచం కిర్రుమంది.

"అక్కా, పడుకున్నావా?"

"లేదు."

"ఆవిడకి ఎప్పుడు తెలిసుంటుందంటావు? ఆ కాగితం ముందే చూసిందంటావా, లేక ఆ పిల్లని చూడగానే కన్నతల్లికి తెలిసిపోయిందంటావా?"

"సినిమాలో చెప్పలేదు కదరా."

"అందుకేగా అడుగుతున్నా."

అక్క ఒక చెయ్యి నడుము మీద వేసుకుని లేచి, టీకి నీళ్ళు పెట్టడానికి వంటగదిలోకి నడిచింది.

"ఇటు రా, చెప్తా" అంది. "నా ఉద్దేశంలో కూతురు ఇక రాదని ఆవిడకి ఆయన కంటే ముందే తెలుసు."