దోసపాదు మీద దోమతెర

పూలు వసంతవి, తేనెపట్టు సారమ్మది. ఇదెక్కడి న్యాయం?

నార్సింగిలో ఆ రెండు ఫ్లాట్ల బాల్కనీలకు మధ్య ఒక్క గోడే అడ్డం. ఇంటి నుంచే ఆఫీసు పని చేసే వసంత, కాల్‌కీ కాల్‌కీ మధ్య లేచి దోసపాదుకు నీళ్ళు పోసి, పసిపిల్లలా సాకింది. జుంటీగలు మాత్రం పక్కింటి నర్సు సారమ్మ కుండీలో ఎండిపోయిన మందార కొమ్మకు పట్టు పెట్టాయి. మొక్కను చంపినావిడకు తేనె! అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ పట్టు ఫొటో చూసి అందరూ మెచ్చుకుంటుంటే వసంతకు కడుపు మండిపోయింది.

"నా పూలు తిని ఆమె ఇంట్ల కాపురం పెడ్తయా? చూస్త," అని పాదు మొత్తానికి దోమతెర కప్పేసింది.

"ఈగల మీద గింత కుళ్ళేందే?" అని భర్త రవీందర్ నవ్వాడు.

అవి పస్తులుంటే చూద్దామని గోడ దగ్గర కాపు కాసింది. ఒక ఈగ ఎక్కడి నుంచో వచ్చి, పట్టు మీద నడుము ఊపుతూ చిందులేసింది. పూలెక్కడున్నాయో చెప్పడమట అది. చుట్టూ మూగినవి అది చూసి ఔటర్ రింగ్ రోడ్డు వైపు ఎగిరిపోయాయి. మిగిలినవి ఒకదాన్నొకటి పట్టుకుని పట్టును కప్పి, ఎండకు రెక్కలతో విసురుతున్నాయి. నాకెంత, నీకెంత అన్న పేచీ లేదు. వసంత మీద కోపమూ లేదు. దానికే ఆమెకు మరీ మండింది.

వారం తిరిగేసరికి దోస పిందెలు పసుపెక్కి రాలిపోయాయి. ఈగ వాలనిదే పిందె నిలవదన్న సంగతి కుళ్ళులో పడి మరిచిపోయింది. ఏడుపొచ్చింది. తెర పీకేసింది. ఆ రోజంతా ఒక్క ఈగా రాలేదు.

మర్నాడు పొద్దున ఒకటి వచ్చి పువ్వులో దూరింది.

"జర పోయి అందరికి చెప్పు తల్లీ," అని బతిమాలింది వసంత.

అది వెళ్ళి చిందేసింది. మధ్యాహ్నానికి పాదంతా జుమ్మంటోంది.

"మా ఈగలొచ్చినయ్!" అని అరిచింది.

సారమ్మ గోడ మీంచి తొంగిచూసింది. "మీవేనండి, మీరే ఉంచుకోండి. బట్టలారేయాలంటే భయమేస్తోంది. అసలు మీ పాదు చూస్తే నాకెంత కుళ్ళో! నేను నాటింది ఒక్కటీ బతకదండి."

వసంతకు ప్రాణం లేచొచ్చింది.

తొలి కాపుకు రెండు దోసకాయలు దిగాయి. ఒకటి సారమ్మకిచ్చింది. చిన్నది.